పన్నెండు బొమ్మల వాన

ముప్పై ఏళ్ళుగా నా నోట ఎక్కువసార్లు వచ్చిన మాట ఒక్కటే: "కదలకండి." జగ్గయ్యపేటలో నాది ఫొటో స్టూడియో. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చిన కుర్రాడికైనా, పీటల మీద కూర్చున్న పెళ్ళికొడుక్కైనా, తిరుమలగిరి కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించిన పసిబిడ్డ తల్లికైనా అదే చెప్పాను. కదిలే మనిషిని ఆపి, సెకనులో నూట ఇరవై అయిదో వంతుని కాగితం మీద నిలబెట్టి చేతికివ్వడం నా వృత్తి. ఆ వృత్తి అంటే నాకు ప్రాణం.

పోయిన వేసవి సెలవుల్లో ఒక ఆదివారం నందిగామలో మా అమ్మ దగ్గరికి వెళ్ళాను. ఏడో తరగతి చదివే మా మేనకోడలు అయిపోయిన లెక్కల నోటుపుస్తకం ఒకటి పట్టుకొచ్చింది. "మావయ్యా, ఇది చూడు" అంటూ పేజీల మూలని బొటనవేలితో వంచి గబగబా వదిలింది.

ఆ మూలన బాల్‌పెన్నుతో గీసిన కొంగ ఉంది. రెక్క ఎత్తింది. దించింది. కాళ్ళు ముడుచుకుంది. మునేటి గట్టు మీంచి లేచినట్టు లేచి పేజీ దాటి వెళ్ళిపోయింది.

పుస్తకం తీసుకుని ఒక్కో పేజీ తిప్పి చూశాను. ప్రతి పేజీలోనూ కొంగ కదలకుండానే ఉంది, నేను తీసే ఫొటోల్లో మనుషుల్లాగే. మళ్ళీ బొటనవేలితో వదిలాను. మళ్ళీ ఎగిరింది! "ఎన్ని బొమ్మలే ఇవి?" అన్నాను. "నలభై రెండు" అంది. సినిమా రీల్లో ఉండేవి విడివిడి బొమ్మలేనని నాకు తెలియక కాదు. తెలియడం వేరు, నా బొటనవేలి కింద కొంగ లేవడం వేరు. ఆ సాయంత్రం జగ్గయ్యపేట బస్సెక్కి కూర్చున్నానే గాని, దారిలో చిల్లకల్లు ఎప్పుడు దాటిందో చూడలేదు. ఒళ్ళో ఆ నోటుపుస్తకమే. కండక్టరుకి కూడా చూపించాను. ఆయన రెండుసార్లు తిప్పించుకుని మరీ చూశాడు.

అప్పట్నుంచి దొరికిందల్లా చదువుతున్నాను, దొరికిందల్లా గీస్తున్నాను. నాకు దొరికింది మీకు చెప్పకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

ముందు ఆ నోటుపుస్తకం సంగతి. దానికి ఫ్లిప్ బుక్ అని పేరు. 1868లో ఇంగ్లండులో జాన్ బార్న్స్ లిన్నెట్ అనే ఆయన దానికి పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందు నుంచే రకరకాల బొమ్మలాటలు ఉన్నాయి. మా చిన్నప్పుడు సోడా మూతని రాయితో చదును చేసి, రెండు కన్నాలు పొడిచి, దారం దూర్చి రయ్యిమని తిప్పేవాళ్ళం. సరిగ్గా అలాంటి బిళ్ళే లండన్లో 1825 నాటికి అమ్మారు. ఒకవైపు పిట్ట, రెండోవైపు పంజరం. దారం తిప్పితే పిట్ట పంజరంలో కూర్చుని కనిపిస్తుంది. దాని పేరు థామట్రోప్. ఆ సోడా మూత మీద రెండు బొమ్మలు గీసే ఆలోచన మాకు రాలేదే అని ఎంత అనిపించిందో!

1832లో బెల్జియంలో జోసెఫ్ ప్లాటో ఒక పళ్ళెం చేశాడు. అంచు చుట్టూ కొద్దికొద్దిగా మారే బొమ్మలు, వాటి మధ్య సన్నని చీలికలు. అద్దం ముందు నిలబడి పళ్ళేన్ని తిప్పుతూ చీలికల్లోంచి చూస్తే బొమ్మ నాట్యం చేస్తుంది. అదే రోజుల్లో ఆస్ట్రియాలో సైమన్ స్టాంఫర్ కూడా విడిగా అలాంటిదే కనిపెట్టాడు. కదలికని చూడటం లోకానికి నేర్పిన ప్లాటోకి తర్వాతి రోజుల్లో చూపు పూర్తిగా పోయింది. అది చదివిన రాత్రి కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. 1834లో విలియం జార్జ్ హార్నర్ పళ్ళేన్ని డబ్బాగా మార్చాడు. బొమ్మల పట్టీ డబ్బా లోపల ఉంటుంది, చీలికలు డబ్బా గోడకి ఉంటాయి. అద్దంతో పని లేదు, నలుగురూ చుట్టూ చేరి ఒకేసారి చూడొచ్చు. దానికే తర్వాత జోట్రోప్ అని పేరు నిలిచింది.

ఆ జోట్రోప్ నేను చేశాను. పెళ్ళి ఆల్బమ్ పెట్టెల నల్ల అట్ట కత్తిరించి గుండ్రంగా చుట్టాను. పన్నెండు చీలికలు కోశాను. హైవే పక్క లారీ షెడ్డులో అడిగితే పాత బేరింగు ఒకటి ఇచ్చారు. దాని మీద అట్టడబ్బా అతికించాను. కొంగ బొమ్మలు పన్నెండు పట్టీ మీద గీసి లోపల పెట్టి తిప్పాను. పైనుంచి చూస్తే బొమ్మలన్నీ కలిసిపోయి బూడిదరంగు మసక. తల వంచి చీలికల్లోంచి చూశాను. కొంగ! స్పష్టంగా, నల్లగా, రెక్కలు కొడుతూ!

చీలిక లేకపోతే ఎందుకు మసకయింది? ఉంటే ఎందుకు స్పష్టమైంది? ఆ ప్రశ్నకి జవాబు ముప్పై ఏళ్ళుగా నా చేతిలోనే ఉంది. చీలిక అంటే షట్టరు. క్షణంపాటు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచేది. తెరిచినప్పుడు ఒక బొమ్మ. మూసినప్పుడు చీకటి. ఆ చీకట్లో బొమ్మ మారిపోతుంది, మనం చూడం. మళ్ళీ తెరిచేసరికి రెక్క కాస్త పైకి ఉంటుంది. మధ్యలో రెక్క ఎలా పైకి పోయిందో మన మనసే పూరించుకుంటుంది.

బొమ్మ కంటి వెనక కాసేపు నిలిచిపోతుంది కాబట్టి ఇలా కనిపిస్తుందని పాత పుస్తకాలు చెప్పేవి. 1912లో మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకా లోతుకి వెళ్ళాడు. పక్కపక్కన రెండు గీతలు ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తే, మనిషికి ఒకే గీత ఇటునుంచి అటు జరిగినట్టు కనిపిస్తుందని ప్రయోగాలు చేసి చూపాడు. అక్కడ లేని కదలికని మనసు అల్లుకుంటుంది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళలో సీరియల్ బల్బులు చూడండి. వెలుగు గబగబా పరిగెత్తిపోతున్నట్టుంటుంది. ఏ బల్బూ తన చోటు నుంచి అంగుళం జరగదు. ఒకటి ఆరుతుంది, పక్కది వెలుగుతుంది. ఆ పరుగు మనదే. ఏటా ఆ తిరునాళ్ళలో ఫొటోలు తీస్తూ, ఆ దీపాల కిందే నిలబడి, ఈ అద్భుతాన్ని నేను గమనించనే లేదు.

ఇక లెక్కకి వద్దాం. విడి బొమ్మ ఒక్కొక్కటీ ఒక ఫ్రేమ్. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. చేత్తో గీసేవాళ్ళు చాలాచోట్ల ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములకి వాడతారు. అంటే సెకనుకి 12 బొమ్మలు. మనసు వాటితో సరిపెట్టుకుంటుంది. నిమిషానికి 720! ఈ లెక్క తెలిశాక పాత మహానుభావుల పని చూస్తే చేతులు జోడించాలనిపిస్తుంది.

ఫ్రాన్సులో ఎమీల్ రెనో 1877లో జోట్రోప్‌ని మెరుగుపరిచాడు. చీలికల బదులు డబ్బా నడుమ అద్దాలు పెట్టాడు, బొమ్మలు మసక లేకుండా కాంతిగా కనిపించాయి. అక్కడితో ఆగలేదు. పొడవాటి పట్టీ మీద వందల బొమ్మలకి చేత్తో రంగులద్ది, వాటిని తెర మీదికి వెలుతురుతో పంపి, 1892 అక్టోబర్ 28న గ్రెవాఁ మ్యూజియంలో టికెట్టు కొన్న జనానికి చూపించాడు. లూమియేర్ సోదరుల ప్రదర్శన 1895లో. అంటే తెర మీద గీసిన బొమ్మలు జనం ముందు నడిచిన మూడేళ్ళకి గాని ఫొటో బొమ్మల సినిమా రాలేదు! తర్వాత రోజుల్లో సినిమా గెలిచి, రెనో ఆట మూలపడింది. ఆ బాధలో తన పట్టీల్లో చాలావాటిని సీన్ నదిలో పారేశాడు. ఎన్నేళ్ళ చేతిపని నీళ్ళ పాలయిందో!

1906లో అమెరికాలో స్టూవర్ట్ బ్లాక్టన్ నల్లబల్ల మీద సుద్దతో ముఖాలు గీసి, చెరిపి, మళ్ళీ గీసి, ఒక్కో ఫ్రేమ్ తీసి వాటిని నవ్వించాడు. 1908లో ఫ్రాన్సులో ఎమీల్ కోల్ దాదాపు 700 బొమ్మలు గీసి 'ఫాంటాస్మగోరీ' చేశాడు. రెండు నిమిషాలు కూడా ఉండదు. అందులో గీతల మనిషి ఉంటాడు, సీసా పువ్వవుతుంది, పువ్వు ఏనుగు తొండమవుతుంది. ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. 1914లో విన్సర్ మెకే 'గెర్టీ' అనే రాక్షసబల్లిని గీశాడు. అది మనం పెంచుకునే దూడలా మారాం చేస్తుంది, కోప్పడితే ఏడుస్తుంది. ఆ సినిమాకి ప్రతి బొమ్మలోనూ వెనకున్న కొండనీ చెట్టునీ చెరువునీ కూడా మళ్ళీ మళ్ళీ గీయాల్సి వచ్చింది. ఆ పని చేసింది జాన్ ఫిట్జ్‌సిమన్స్ అనే సహాయకుడు. వేల కాగితాల మీద అదే కొండ, అదే చెట్టు!

ఆ కష్టం తీర్చిన వస్తువేమిటో తెలిసి నేను కుర్చీలోంచి లేచాను. సెల్యులాయిడ్! నా ఫిల్ము రోళ్ళకి ముత్తాత. అదే సంవత్సరం, 1914లో, ఎర్ల్ హర్డ్ ఒక ఉపాయానికి పేటెంటు కోరుతూ దరఖాస్తు పెట్టాడు. కదిలే బొమ్మని పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకు మీద గీయాలి. వెనక దృశ్యం ఒక్కసారే గీసి కింద పెట్టాలి. రేకులు మార్చుకుంటూ పోతే చాలు. ఆ రేకుని సెల్ అన్నారు. 'స్నో వైట్' లాంటి సినిమాలు దాని మీదే నిలబడ్డాయి. ఫొటోగ్రాఫరు నెగటివ్‌ని వెలుతురుకి ఎత్తి చూసేవాడు. యానిమేటరు సెల్‌ని బొమ్మ మీద పరిచి చూసేవాడు. ఇద్దరి చేతుల్లోనూ ఒకే పదార్థం ఉండేదన్నమాట.

ఇంకా చుట్టరికాలున్నాయి. 1878 జూన్‌లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫరు కాలిఫోర్నియాలో గుర్రప్పందెం దారి పక్కన 12 కెమెరాలు వరసగా పెట్టి, దారాలు అడ్డం కట్టి గుర్రాన్ని పరిగెత్తించాడు. దారం తెగినప్పుడల్లా ఒక కెమెరా క్లిక్‌మంది. పరుగులో గుర్రం నాలుగు డెక్కలూ ఒక్క క్షణం నేల వదులుతాయని తేలింది. అదీ కాళ్ళు ముందుకీ వెనక్కీ చాపినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. చిత్రకారులు అంతకాలం తప్పుగా గీస్తూ వచ్చారు. తర్వాత తరాల యానిమేటర్లకి మైబ్రిడ్జ్ ఫొటోలే నడక నేర్పే పెద్దబాలశిక్ష అయ్యాయి.

మన దేశంలో? దాదాసాహెబ్ ఫాల్కే. ఆయన కూడా ఒకప్పుడు గోధ్రాలో ఫొటో స్టూడియో నడిపినవాడే! 1912లో కుండీలో బఠాణీ గింజ నాటి, రోజుకో ఫ్రేమ్ చొప్పున నెలకు పైగా తీసి, మొక్క గబగబా పెరిగినట్టు చూపించాడు. ఆ చిన్న ముక్క చూసే డబ్బు పెట్టేవాళ్ళకి ఆయన మీద నమ్మకం కుదిరింది. మరుసటేడు 'రాజా హరిశ్చంద్ర' వచ్చింది. భారతీయ సినిమా ఒక మొలకలోంచి తలెత్తింది.

ఇది చదివి ఊరుకోగలనా? స్టూడియో కిటికీ దగ్గర మట్టి మూకుట్లో పెసలు చల్లాను. కెమెరాని స్టాండుకి బిగించి, స్టాండు కాళ్ళ చుట్టూ నేల మీద సుద్దగీత గీశాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఇరవై రోజులకి నలభై ఫొటోలు. సెకనుకి పన్నెండు చొప్పున వరసగా ఆడించాను. మూడున్నర సెకన్లు కూడా లేదు. ఆ మూడు సెకన్లలో పెసర మొలకలు వంగిన మెడలు ఎత్తాయి, పొట్టు టోపీలు విదిలించుకున్నాయి, వెలుతురు కోసం అన్నీ ఒక్కసారే కిటికీ వైపు తిరిగాయి. బడి గంట కొడితే పిల్లలు గుమ్మం వైపు తిరిగినట్టు! మెట్ట పొలాల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, మొలకలు చూడని రోజు లేదు. మొలక తల తిప్పడం మాత్రం అప్పుడే చూశాను. ఇలా ఉన్న వస్తువుని కొంచెం కొంచెం జరుపుతూ, లేదా జరిగేదాకా ఆగుతూ, ఫ్రేమ్ ఫ్రేమ్‌గా తీసే పద్ధతుల కుటుంబం పెద్దదే. బొమ్మల్ని చేత్తో జరిపితే స్టాప్ మోషన్. కాలమే జరిపితే టైమ్ లాప్స్.

కాగితపు ముక్కల్ని కత్తిరించి జరిపితే కటౌట్ యానిమేషన్. ఇక్కడికి రాగానే మా అమ్మ అందుకుంది. "ఇది తోలుబొమ్మలాటే కదరా" అంది. నిజం. మేకతోలుని పారదర్శకంగా వచ్చేదాకా శుభ్రం చేసి, రంగులేసి, భుజం దగ్గరా మోచేతి దగ్గరా విడిముక్కలుగా కుట్టి, వెనక దీపం పెట్టి తెల్లగుడ్డ మీద ఆడిస్తారు. రాముడి చెయ్యి బాణం సంధిస్తుంది, బంగారక్క మూతి తిప్పుతుంది, కేతిగాడు ఎగిరి గంతేస్తాడు. జర్మనీలో లోట్టె రైనిగర్ అనే ఆమె నల్ల అట్టనీ సన్నని సీసపు రేకునీ కత్తిరించి, కీళ్ళ దగ్గర తీగతో కట్టి, గాజుపలక మీద పరిచి, కింద దీపం పైన కెమెరా పెట్టి, ఒక్కో ఫ్రేముకీ వెంట్రుకవాసి జరుపుతూ మూడేళ్ళు కూర్చుంది. 1926లో 'ప్రిన్స్ అహ్మద్ సాహసాలు' వచ్చింది. ఈనాటికీ మిగిలున్న పూర్తినిడివి యానిమేషన్ సినిమాల్లో అదే పాతది. అదీ ఒక ఆడమనిషి కత్తెర పని. ఫోన్లో చూపిస్తే అమ్మ ఆ కత్తిరింపుల వంక చూస్తూ, "చేతిలో ఎంత పని ఉందో ఈ తల్లికి" అంది.

నేర్చుకునేకొద్దీ ఈ విద్యకి తనదైన భాష ఉందని తెలిసింది. కదలికలో ముఖ్యమైన భంగిమలు కీ డ్రాయింగులు. కొంగ రెక్క పూర్తిగా పైకి ఒకటి, పూర్తిగా కిందికి ఒకటి. వాటి నడుమ పూరించేవి ఇన్‌బిట్వీన్లు. మామూలుగా కీలు అనుభవజ్ఞుడు గీస్తాడు, నడుమవి సహాయకులు గీస్తారు. కాగితాలు జరగకుండా అన్నింటికీ ఒకేచోట కన్నాలు పొడిచి మేకులకి తగిలిస్తారు. అది పెగ్ బార్. కింద దీపం ఉన్న గాజుబల్ల మీద పాత బొమ్మ కనిపిస్తుండగా కొత్త బొమ్మ గీస్తారు. ఆ బల్ల నా దగ్గర ఉంది! డార్క్‌రూము రోజుల్లో నెగటివ్‌ల మీద పెన్సిలుతో మచ్చలు టచప్ చేసిన గాజుబల్ల. ఇరవై ఏళ్ళుగా అటక మీద ఉంది. దించి, తుడిచి, కొత్త బల్బు వేశాను. ఫోన్లో గీసేవాళ్ళకి కింది బొమ్మ లీలగా కనిపించే ఏర్పాటు ఉంటుంది. దాన్ని ఆనియన్ స్కిన్ అంటారు. ఉల్లిపొర! ఉల్లిపొరలోంచి నిన్నటి బొమ్మని చూస్తూ ఇవాళ్టి బొమ్మ గీయడం.

డిస్నీ స్టూడియోలో ఏళ్ళ తరబడి పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో ఒక పుస్తకం రాసి, తమ అనుభవాన్ని పన్నెండు సూత్రాలుగా చెప్పారు. వాటిలో మొదటిది అణగడం, సాగడం. రబ్బరుబంతి నేలకి తగిలితే అప్పంలా అణగాలి, లేస్తూ సాగాలి. అణిగినప్పుడు వెడల్పు, సాగినప్పుడు సన్నం. బంతిలో ఉన్న సరుకు మాత్రం తగ్గకూడదు. రెండోది ముందస్తు కదలిక. కోడిపుంజు ఎగిరేముందు కిందికి కుంగుతుంది. గోలీ కొట్టే పిల్లాడు వేలు వెనక్కి లాగుతాడు. ఆ కుంగడం గీయకపోతే ఎగరడం నమ్మబుద్ధి కాదు. ఇంకొకటి, ఆగిన తర్వాతా ఆగని కదలిక. పెళ్ళికూతురు గిరుక్కున తిరిగి ఆగుతుంది, పూలజడ ఆగదు, ఇంకో ఊపు ఊగి వచ్చి భుజానికి తగులుతుంది. ఎన్ని వందల పూలజడలు ఆగేదాకా కాచుకుని ఫొటో తీశానో! యానిమేటరు ఆ ఊపు కోసమే కాచుకుంటాడు. ఇప్పుడు పెళ్ళిళ్ళకి వెళ్తే నాకు రెండు కళ్ళు చాలడం లేదు.

ఈ విద్య మన నేల మీదికి ఎలా వచ్చింది? బొంబాయిలో ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళు 1956లో కార్టూన్ విభాగం పెట్టారు. డిస్నీలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ వచ్చి మనవాళ్ళకి శిక్షణ ఇచ్చాడు. మద్రాసు విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదివిన రామ్‌మోహన్ అక్కడే పని నేర్చుకుని, భారతీయ యానిమేషన్‌కి పెద్దదిక్కయ్యాడు. 1957లో వాళ్ళు తీసిన 'బన్యన్ డీర్' ఒక జాతక కథ. అదే 1957లో మనకి 'మాయాబజార్' వచ్చింది. మార్కస్ బార్ట్‌లీ కెమెరా మాయతో లడ్డూలు వాటంతటవే లేచి ఘటోత్కచుడి నోట్లో పడ్డాయి. వస్తువుకి ప్రాణం వచ్చిందని తెలుగువాడు ఆ పళ్ళెం ముందే నమ్మాడు. తర్వాత 2006లో వచ్చిన తెలుగు యానిమేషన్ సినిమా 'కిట్టు'కి జాతీయ అవార్డు దక్కింది. హైదరాబాదులో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ నుంచి 2008లో ఛోటా భీమ్ వచ్చి దేశంలో ప్రతి ఇంటి పిల్లాడయ్యాడు. 2012లో 'ఈగ' వచ్చింది. ఒక్క మాట మాట్లాడని ఈగ పగ పట్టింది, ప్రేమించింది, థియేటర్లో మనచేత ఈలలు వేయించింది. ఆ పని చేసిన హైదరాబాదు మకుట సంస్థకి జాతీయ పురస్కారం దక్కింది. ఆ సినిమా అప్పట్లోనే చూశాను. మొన్న మళ్ళీ చూశాను, ఈగ ఎగిరేముందు కుంగుతుందా లేదా అని. కుంగుతుంది!

ఇక మా ఊరి సంగతి. ఇంతసేపూ దాని కోసమే దాచుకున్నాను.

చాలా పాతదాన్ని మాంధాతల కాలం నాటిది అంటాం. ఆ మాంధాత మా ఊళ్ళోనే దొరికాడు. జగ్గయ్యపేటకి పాతపేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. ఊరి పక్క గుట్ట మీద ధనంబోడు ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్విస్తే బౌద్ధస్తూపం బయటపడింది. ఆ రాతి పలకల్లో ఒకటి జగత్ప్రసిద్ధం. దాని మీద ఒక చక్రవర్తి. పైన గొడుగు, చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, పరిజనం. చెయ్యి పైకెత్తాడు. మబ్బుల్లోంచి చదరపు నాణేలు కురుస్తున్నాయి. ఆయన్ని మాంధాతగా పండితులు గుర్తించారు. చెయ్యెత్తి సంపద కురిపించుకున్న రాజు, ఎంత కురిసినా, స్వర్గం దక్కినా తృప్తి తీరని రాజు. అసలు పలక ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. బర్జెస్ 1887లో అచ్చువేసిన పుస్తకంలో దాని బొమ్మ ఉంది.

ఆ బొమ్మ నేను చిన్నప్పట్నుంచి చూస్తున్నదే. ఈ వేసవిలో చూస్తే గుండె ఝల్లుమంది. నాణేలు నేల మీద లేవు. మబ్బులోనూ లేవు. గాలిలో ఉన్నాయి! రెండువేల ఏళ్ళ కిందట మా గుట్ట మీద ఒక శిల్పి పడుతున్న నాణేన్ని పడకముందే పట్టుకున్నాడు. అది ఒక ఫ్రేమ్. ఆ వెంటనే అమరావతి శిల్పం గుర్తొచ్చింది. అదీ ఎగ్మూరులోనే ఉంది. గుండ్రటి పతకంలో నాళాగిరి అనే మదపుటేనుగు ఒకవైపు జనాన్ని తొక్కుతూ వస్తుంది, రెండోవైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. ఒకే రాయి మీద రెండు కీ డ్రాయింగులు! నడుమ బొమ్మలు చూసేవాడి మనసుకే వదిలేశాడు.

ధనంబోడు దగ్గర తర్వాతి కాలపు శాసనాలు కూడా దొరికాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట సిద్ధార్థుడనే శిల్పి అక్కడి మహాచైత్యానికి అయిదు ఆయక స్తంభాలు ఎత్తించానని చెక్కించాడు. నాణేలు చెక్కిన శిల్పి ఆయన కంటే కొన్ని వందల ఏళ్ళ ముందువాడు. ఆ పాత శిల్పి ఆపిన నాణేల వానని నేను మళ్ళీ కదిలించాలనుకున్నాను.

గాజుబల్ల వెలిగించాను. మా మేనకోడలు జగ్గయ్యపేట వచ్చి నాలుగు రోజులు ఉంది. రాజుని ఒక్కసారే గీశాం. నాణేలు పన్నెండు కాగితాల మీద గీశాం. మొదట అన్నిటినీ సమాన దూరంలో జరిపాం. "మావయ్యా, ఇవి పడట్లేదు, ఎవరో దారం కట్టి దించుతున్నట్టున్నాయి" అంది. నిజమే. పడే వస్తువు పోనుపోను వేగం పుంజుకుంటుంది. సమాన వ్యవధుల్లో అది దాటే దూరాలు ఒకటి, మూడు, అయిదు, ఏడు చొప్పున పెరుగుతాయని గెలీలియో ఏనాడో లెక్క కట్టాడు. మబ్బు దగ్గర నాణేలు దగ్గర దగ్గరగా, నేల దగ్గరికొచ్చేసరికి దూరదూరంగా మళ్ళీ గీశాం. పన్నెండో బొమ్మ తర్వాత ప్రతి నాణెమూ తన కింది నాణెం ఉన్న చోటుకి చేరుతుంది, మబ్బులోంచి కొత్తది తొంగి చూస్తుంది. అంటే మళ్ళీ మొదటి బొమ్మే. దీన్ని సైకిల్ అంటారు. మొదలూ తుదీ కలిసిన వలయం.

పట్టీ చుట్టి జోట్రోప్‌లో పెట్టి నందిగామ తీసుకెళ్ళాను. అమ్మ వరండాలో కూర్చుని కళ్ళజోడు సర్దుకుంది. డబ్బా తిప్పాను. చీలికల్లోంచి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. నాణేలు కురుస్తున్నాయి. బేరింగు నెమ్మదించే కొద్దీ వాన నెమ్మదించింది, ఆగింది.

"ఇంకెన్ని ఉన్నాయిరా నాణేలు?" అంది.

"పన్నెండు బొమ్మలేనమ్మా. తిప్పినంతసేపూ కురుస్తూనే ఉంటాయి."

అమ్మ తనే చెయ్యి చాపి డబ్బా తిప్పింది. వాన మళ్ళీ మొదలైంది. పక్కనే కెమెరా ఉంది. ఆ ముఖం ఫొటో తీద్దామని ఎత్తాను. అలవాటు మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, కెమెరా దించి, నేనూ ఇంకో చీలిక దగ్గర కన్ను పెట్టాను.